అనసూయ నిరూపణలో లేని తప్పు

ఇది రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. చాలాసార్లు లేచిపోయాను.

నేను ఎవర్నీ కొట్టలేదు. ఎవరి పొలం గట్టూ జరపలేదు. చట్టం దృష్టిలో నాది నేరం కూడా కాదేమో. ఒక మాట అన్నాను, అంతే. తప్పు లేని చోట తప్పుందని అన్నాను. ఆ మాట అన్న రోజు నుంచి అది నా గుండెల మీద కూర్చుంది. అన్నం తింటున్నప్పుడు, క్లాసులో పిల్లలకి పాఠం చెబుతున్నప్పుడు, పెళ్ళిళ్ళలో నలుగురితో కలిసి నవ్వుతున్నప్పుడు కూడా అది అక్కణ్ణించి కదల్లేదు. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు చెప్పను. ఆమె పేరు మార్చి చెబుతున్నాను. అనసూయ అనుకుందాం.

నేను తెనాలిలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. మాది కొల్లిపర దగ్గర పల్లె. నాన్న పసుపు, అరటి వేసేవాడు. మా ఇళ్ళల్లో ఎమ్మెస్సీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఊరికి వెళితే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి పలకరించేవాళ్ళు. "మావాడు లెక్కల్లో మొనగాడు" అని నాన్న ఎరువుల కొట్లో కూడా చెప్పేవాడు. ఆ మాట నాకు ఎంత ఇష్టమో ఎవరికీ తెలీదు. ఇప్పుడు చెప్పుకుంటుంటే సిగ్గుగా ఉంది.

నేను పీహెచ్‌డీకి ఎంచుకున్న లెక్క గురించి కొంచెం చెప్పాలి. భయపడకండి, లెక్క చెప్పడానికి కష్టమైంది కాదు, తేల్చడానికే కష్టం. ప్రధాన సంఖ్యలు, అదే ప్రైములు, మీకు తెలుసు. తనతోనూ ఒకటితోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగించబడనివి. వాటిలో నాలుగుతో భాగిస్తే ఒకటి మిగిలేవి కొన్ని ఉన్నాయి. అయిదు, పదమూడు, పదిహేడు, ఇరవైతొమ్మిది, ముప్ఫైఏడు, అలా. ఒక సరిసంఖ్యని ఇలాంటి రెండు ప్రైముల మొత్తంగా ఎన్ని రకాలుగా రాయొచ్చు? యాభై ఎనిమిది తీసుకోండి. అయిదూ యాభైమూడూ, పదిహేడూ నలభైఒకటీ, ఇరవైతొమ్మిదీ ఇరవైతొమ్మిదీ. మూడు రకాలు. నాలుగుతో పోయే సరిసంఖ్యలు ఇలా ఎలాగూ రావు కాబట్టి అరవైని వదిలేస్తే, దాని తర్వాత చూడాల్సింది అరవై రెండు. ఎంత వెతికినా ఒక్కటీ దొరకదు. అలా ఒకటీ దొరకని సంఖ్యలు పైకి వెళ్ళేకొద్దీ అరుదైపోతాయి, రకాల లెక్క పెరుగుతూ పోతుంది. ఎంత అరుదు? ఎంత పెరుగుదల? సంఖ్యల వరుసలో ఎక్కడైనా ఒక చిన్న ముక్క కోసి పట్టుకుంటే, ఆ ముక్కలో కూడా అదే తీరు కనిపిస్తుందా? ఆ చివరి ప్రశ్న మీద నా యౌవనం సగం పోయింది. ఏమీ తేల్లేదు. నా గైడు రిటైరయ్యాడు. రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయింది. కాలేజీలో ఎవరన్నా అడిగితే "నడుస్తోంది" అనేవాణ్ణి. నడవడం ఎప్పుడో ఆగిపోయింది.

అనసూయ అప్పుడు వచ్చింది. రేపల్లె నుంచి రోజూ ప్యాసింజర్‌లో వచ్చేది. వాళ్ళ నాన్నగారు అక్కడ తెలుగు మాస్టారు. చిన్న వయసు. పార్ట్ టైమ్ ఉద్యోగం. స్టాఫ్ రూములో చివరి కుర్చీ. పలకరిస్తే నవ్వేది గానీ తనంతట తాను మాట్లాడేది కాదు. ఒకరోజు బోర్డు మీద నేను మర్చిపోయిన మెట్టు ఒకటి చూసి, అందరూ వెళ్ళిపోయాక మెల్లగా వచ్చి చెప్పింది. నాకు కోపం రాలేదు. నిజంగా రాలేదు. సంతోషమే వేసింది. మాట్లాడుకోవడానికి మనిషి దొరికిందనుకున్నాను. నా లెక్క గురించి చెప్పింది నేనే. పుస్తకాలు ఇచ్చిందీ నేనే. "రైల్లో ఊరికే కూర్చునే బదులు దీని గురించి ఆలోచించమ్మా" అన్నాను. ఒక పెద్దాయన చిన్నపిల్లకి ఆటవస్తువు ఇచ్చినట్టు ఇచ్చాను.

ఆమె ఆలోచించింది.

వేమూరుకీ భట్టిప్రోలుకీ మధ్య, ఆ కిక్కిరిసిన పెట్టెలో, పాలక్యాన్ల పక్కన నిలబడి ఆలోచించిందట. ఏడాది తిరగలేదు. ఒకరోజు తెల్లకాగితాల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టింది. చక్కటి దస్తూరీ. ఎక్కడా కొట్టివేత లేదు. నేనెప్పుడూ ఒక్కో సరిసంఖ్యనీ విడిగా పట్టుకుని దాంతో కుస్తీ పట్టేవాణ్ణి. ఆమె అలా చెయ్యలేదు. ముక్కలో ఉన్న సంఖ్యలన్నిటి లెక్కనీ ఒకేసారి కలిపి, ఒకదాని హెచ్చుతగ్గు ఇంకొకదానితో సర్దుకునేలా చేసింది. మొదటి పేజీ చదవగానే నాకు అర్థమైంది. దారి ఇదే. ఇన్నేళ్ళూ నా కళ్ళ ముందున్న దారి.

విశాఖపట్నంలో ఒక సదస్సుంది. అక్కడ దీని మీద మాట్లాడటానికి ఆమెకి అవకాశం వచ్చింది. బయటినుంచి పెద్ద ప్రొఫెసర్లు వస్తున్నారు. వాళ్ళలో ఒకాయన, ప్రసంగం బాగుంటే తన దగ్గర రీసెర్చ్‌కి తీసుకుంటానని రాశాడట. "మీరొక్కసారి చూసి సరే అంటే ధైర్యంగా వెళ్తానండి" అంది.

కాగితాలు ఇంటికి తెచ్చుకున్నాను. చదివాను. నిజం చెప్పాలంటే, చదవలేదు, వేటాడాను. ప్రతి గీతలోనూ ఒక తప్పు దొరుకుతుందేమోనని వెతికాను. దొరకాలని కోరుకున్నాను. ఒక లెక్చరర్ తన శిష్యురాలి లాంటి పిల్ల రాసినదాంట్లో తప్పు దొరకాలని ఎందుకు కోరుకుంటాడు? అప్పుడు ఆ ప్రశ్న వేసుకోలేదు. జాగ్రత్త అనుకున్నాను. నా బాధ్యత అనుకున్నాను.

చివరికి ఒకచోట ఆగాను. ఆమె ఒక పాత సిద్ధాంతాన్ని వాడింది. ప్రైములు చిన్న చిన్న ముక్కల్లో కూడా సమంగా పరుచుకుని ఉంటాయని చెప్పే సిద్ధాంతం. మా కాలేజీ పుస్తకంలో అది పొడుగాటి ముక్కలకి మాత్రమే ఉంది. ఆమె అంతకంటే చాలా చిన్న ముక్కలకి వాడింది, ఎక్కడో ఒక వ్యాసంలో దాని ప్రస్తావన చూసి. ఆ ప్రస్తావన నిజమైతే నిరూపణ నిలబడుతుంది. కాకపోతే మొత్తం కూలిపోతుంది. ఇంతవరకూ నా అనుమానం న్యాయమైనదే. ఇంతవరకూ నేను మంచివాణ్ణే.

హైదరాబాదులో ఒక పెద్ద లైబ్రరీ ఉంది. బంధువుల పనుందని చెప్పి వెళ్ళాను. అక్కడ ఆ సిద్ధాంతం దొరికింది. ఆమె రాసినంత చిన్న ముక్కలకే కాదు, ఇంకా చిన్నవాటికి కూడా ఎప్పుడో ఎవరో నిరూపించేశారు. ఆ పేజీ ముందు కూర్చున్నాను. ఫ్యాను గాలికి పేజీ లేస్తుంటే అరచెయ్యి ఆనించి పట్టుకున్నాను. సంతోషం వెయ్యాలి కదా? ఇన్నేళ్ళు నన్ను తిన్న ప్రశ్నకి జవాబు వచ్చింది. ఒక గణిత ప్రేమికుడు ఎగిరి గంతెయ్యాలి. నా నోట్లో మాత్రం చేదు. నాన్న మాట గుర్తొచ్చింది, మొనగాడు అని. విశాఖలో ఆమె బోర్డు ముందు నిలబడటం కనిపించింది. తర్వాత తెనాలిలో అందరూ నన్ను అడగడం కూడా వినిపించింది. "ఏంటండీ మాస్టారూ, మీ లెక్క ఆ అమ్మాయి తేల్చేసిందటగా?"

తిరుగు ప్రయాణంలో పట్టపగలు, కృష్ణ దాటుతున్నప్పుడు, ఏం చెప్పాలో నిశ్చయించుకున్నాను. కోపంలో అన్నానని, నోరు జారిందని చెప్పడానికి లేదు. మాటలు కూర్చుకుని, ఆమె ఏం అడుగుతుందో, దానికి ఏం చెప్పాలో కూడా అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం స్టాఫ్ రూములో మేమిద్దరమే ఉన్నాం. ఆమె క్యారేజీ కడుక్కుని వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"చూశారాండీ?"

"చూశానమ్మా. కూర్చో."

కూర్చుంది. కాగితాల్లో ఆ పేజీ తీసి వేలు పెట్టాను.

"ఇక్కడ తేడా వచ్చింది. ఈ సిద్ధాంతం ఇంత చిన్న ముక్కలకి లేదు."

"వ్యాసంలో ఉందని రాశారు కదండీ?"

"రాశారు. అది పొరపాటు. ఎవరూ నిరూపించలేదు. నేను హైదరాబాద్ వెళ్ళి మరీ చూసొచ్చాను."

ఆమె ఆ పేజీ వైపు చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"నా కోసం హైదరాబాద్ వెళ్ళారా సార్?"

ఏం చెప్పను? "వేరే పనీ ఉందిలే" అన్నాను.

"ఈ ఒక్కటీ పూడ్చుకుంటే నిలబడుతుందంటారా?"

"పెద్దపెద్దవాళ్ళ వల్లే కాలేదమ్మా. దాని జోలికి వెళ్తే జీవితం అయిపోతుంది. నన్ను చూడు."

ఆమె కాగితాలు సర్దుకుంది. అంచులు కలిసేలా బల్ల మీద తట్టుకుంది. "అంతమంది ముందు నవ్వులపాలయ్యేదాన్ని. మీరు చెప్పారు కాబట్టి సరిపోయింది" అంది. కళ్ళల్లో నీళ్ళున్నాయి. అయినా నమస్కారం పెట్టి వెళ్ళింది. నేను ఆ నమస్కారం తీసుకున్నాను.

విశాఖ వెళ్ళలేదు. ఆరోగ్యం బాలేదని కబురు పంపింది. ఆ ఏడాదంతా రైల్లో ఆ లేని గుంటని పూడ్చడానికి ప్రయత్నించింది. అది నాకు తెలుసు. అప్పుడప్పుడూ ఒక కాగితం తెచ్చి "ఇలా అయితేనండీ?" అనేది. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. ఎన్నిసార్లు ఊపానో! మొదటిది ఒక్క అబద్ధం. ఇవన్నీ మళ్ళీ మళ్ళీ ఆడినవి. ఏ రోజైనా నోరు తెరిచి, "అమ్మా, నేనే పొరబడ్డాను, ఆ పుస్తకం మళ్ళీ చూశాను" అనొచ్చు. ఆమె ఎగిరి గంతేసేది. నన్ను అనుమానించేది కూడా కాదు. అంత తేలిగ్గా బయటపడే దారి ఉండి కూడా నేను తల అడ్డంగానే ఊపాను. ఎందుకు? ఒక్కసారి నిజం చెబితే ఆమె పైకి వెళ్ళిపోతుంది. అదే నేను ఓర్వలేకపోయాను. ఇంకే పేరూ లేదు దీనికి.

కొన్నాళ్ళకి కాగితాలు తేవడం మానేసింది. తర్వాత పెళ్ళయి బాపట్ల వెళ్ళింది. భర్త బ్యాంకు ఉద్యోగి, మంచివాడు. ఆమె అక్కడ స్కూల్లో పదో తరగతి వాళ్ళకి లెక్కలు చెప్పేది. చెడు బతుకని అనను. కానీ అది ఆమె ఎంచుకున్నది కాదు. నేను మిగిల్చింది.

నేను ఆమె పద్ధతి వాడుకోలేదు. నా పేరు మీద రాసుకోలేదు. చాలా ఏళ్ళు అదే నాకు ఊరట. దొంగతనం చెయ్యలేదు కదా అనుకునేవాణ్ణి. తర్వాత్తర్వాత అర్థమైంది, దొంగిలించి ఉంటే ఆ లెక్కైనా లోకానికి దక్కేది. నేను ఎవరికీ దక్కనివ్వలేదు.

కొన్నేళ్ళ తర్వాత అదే ఫలితం ఒక గణిత పత్రికలో వచ్చింది. ఎక్కడివాళ్ళో ఇద్దరు, అనసూయ వెళ్ళిన దారినే వెళ్ళి తేల్చారు. కంప్యూటర్‌లో చూశాను. అదే సర్దుబాటు, అదే సిద్ధాంతం. ఇక అది ఆమెది ఎప్పటికీ కాదు. అప్పుడైనా ఫోన్ చెయ్యాలి. బాపట్ల ఎంత దూరం? రైలెక్కితే గంట కూడా పట్టదు. ఆ పేజీ మూసేసి టీ తాగడానికి బయటికి వెళ్ళాను.

నా రిటైర్మెంటుకి కాలేజీలో సభ పెట్టారు. అనసూయ వచ్చింది. వస్తుందనుకోలేదు. జుట్టు అక్కడక్కడా నెరిసింది. పిలవకపోయినా తనంతట తాను స్టేజీ ఎక్కింది, ఎప్పుడూ చివరి కుర్చీలో కూర్చునే మనిషి. మైకు పట్టుకుని, "మా సార్ నన్ను ఒక పెద్ద తప్పు నుంచి కాపాడారు" అంది. "నేనేదో కనిపెట్టాననుకున్నాను. సార్ నా కోసం హైదరాబాద్ దాకా వెళ్ళి పుస్తకాలు చూసొచ్చి, తప్పెక్కడుందో చూపించారు. వేరేవాళ్ళైతే నవ్వేవాళ్ళు. సార్ కూర్చోబెట్టి చెప్పారు. ఇవాళ నా పిల్లల తప్పులు కూడా నేను అలాగే చూపిస్తానండి." అందరూ చప్పట్లు కొట్టారు. పక్కన మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అనసూయ వచ్చి నాకు శాలువా కప్పి, వంగి కాళ్ళకి దండం పెట్టింది.

దీర్ఘసుమంగళీభవ అన్నట్టు చెయ్యెత్తాను. ఆ చెయ్యి నాదేనా?

ఆ తర్వాత ఇంట్లో ఉండలేకపోయాను. ఒక ఆదివారం పొద్దున్నే, వాకింగ్‌కని చెప్పి స్టేషన్‌కి నడిచి బాపట్ల రైలెక్కాను. ముందురోజు ఆ పత్రికలోని వ్యాసం ప్రింట్ తీయించి పెట్టుకున్నాను. ఖాళీ చేతుల్తో వెళ్తే నోరు రాదేమోనని.

ఆమె తలుపు తీసి సంబరపడింది. "ఫోన్ చేస్తే స్టేషన్‌కి వచ్చేవాళ్ళం కదా సార్!" అంది. భర్త చేపల మార్కెట్టుకి వెళ్ళాడట, వస్తాడంది. కాఫీ తెచ్చింది. నేను తాగలేదు.

నిలబడే చెప్పాను. కూర్చోమంది, కూర్చోలేదు. సిద్ధాంతం ఉందని చెప్పాను. హైదరాబాదులో నా కళ్ళతో చూశానని చెప్పాను. చూసి కూడా లేదన్నానని చెప్పాను.

ఆమెకి మొదట అర్థం కాలేదు. "పొరపాటున అన్నారా?" అంది. నాకొక దారి ఇచ్చింది, తెలియకుండానే. ఆ క్షణంలో అవునని అనబుద్ధేసింది. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, అప్పుడు కూడా అనబుద్ధేసింది.

"కాదమ్మా. కావాలనే అన్నాను."

"ఎందుకండీ?"

"కుళ్ళు."

వీధిలో కూరగాయల బండివాడు అరుస్తున్నాడు. ఆమె కాఫీ గ్లాసు తీసుకెళ్ళి లోపల పెట్టి వచ్చింది. ఎందుకో మరి, ఏదో ఒకటి చెయ్యాలని కాబోలు. వ్యాసం టీపాయ్ మీద పెట్టి, ఎవరో ఇద్దరు దీన్ని తేల్చారని, అదే దారిలో వెళ్ళారని చెప్పాను.

"ఇదెప్పుడొచ్చింది?"

"చాలా ఏళ్ళయింది."

"అప్పుడే చూశారా?"

"చూశాను."

తల ఊపింది. ముఖంలో కోపం కూడా లేదు. కోపం ఉంటే బాగుండేది. "కాళ్ళకి దండం పెట్టానే మీకు" అంది, నాతో కాదు, తనలో తాను. తర్వాత ఆ ప్రింటు కాగితాలు తిప్పి కూడా చూడకుండా నా వైపు జరిపింది.

"ఇవి తీసుకెళ్ళండి."

"నీదీ ఇదీ ఒకటేనమ్మా. నీ నిరూపణ సరైందే..."

"సరైందో కాదో మీరు చెప్పొద్దు. నా కాగితాలు ఎప్పుడో చింపేశాను. మళ్ళీ మొదట్నుంచి నేనే చేసి చూసుకుంటాను. ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు."

"క్షమించమని అడగటానికి..."

"నాకు తెలీదండీ. ఇప్పుడైతే మీరు వెళ్ళండి."

సార్ అనలేదు. తలుపు తీసినప్పుడు అన్న ఆ పిలుపు మళ్ళీ రాలేదు. నేను చెప్పులేసుకుంటుంటే వెనకాల సొరుగు లాగిన చప్పుడైంది. గుమ్మం దాటాక కిటికీలోంచి చూశాను. చూడకూడదు, అయినా చూశాను. ఆమె భోజనాల బల్ల దగ్గర కూర్చుని కాగితం మీద ఏదో రాస్తోంది. కొట్టేస్తోంది. మళ్ళీ రాస్తోంది.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ మొత్తం వింది. తర్వాత ఒక్కటే అడిగింది. "ఆ రోజు శాలువా ఎలా కప్పించుకున్నారండీ?" ఆవిడ నాతో మాట్లాడుతోంది, వంట చేసి పెడుతోంది, కానీ ఇంటికొచ్చినవాళ్ళ దగ్గర నా గురించి గొప్పలు చెప్పడం మానేసింది.

అనసూయ దగ్గర్నుంచి కబురు లేదు. వస్తుందని ఎదురుచూడటం లేదు. ఆమె లెక్క ఎంతవరకూ వచ్చిందో, ఎక్కడన్నా ఆగిందో, ఆగితే ఎవర్ని అడుగుతుందో నాకు తెలీదు. నన్ను మాత్రం అడగదు. అడగకూడదు కూడా.

మీరు నన్ను మన్నించాలని రాయలేదు. మీ చేతుల్లో లేదది. ఇన్నాళ్ళూ ఈ మాటని మనసులో అనుకునేటప్పుడు కూడా వంకలు కలిపేవాణ్ణి. అప్పటి పరిస్థితి, నా వయసు, నా గైడు, నా అదృష్టం. వంకలు లేకుండా ఒక్కసారి రాసి చూసుకోవాలనిపించింది. రాస్తున్నాను. అనసూయ నిరూపణ సరైంది. నాకు తెలుసు. తెలిసే కాదన్నాను.

పెన్ను పక్కన పెట్టాను. ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్తోంది.